కారణాంకాలు పిల్లలకు నేర్పడం: అన్నీ దొరికాయని వాళ్లే చెప్పగలిగేదాకా

పన్నెండుకు కారణాంకాలు, అంటే పన్నెండును శేషం లేకుండా భాగించే సంఖ్యలు, చెప్పమని ఐదో తరగతి పిల్లలను అడిగితే 2, 3, 4, 6 అనే జవాబు చాలామంది నోట వెంటనే వస్తుంది. ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఒకరిద్దరు 12 అంటారు, ఎవరో 1 అంటారు, మిగిలినవాళ్లు టీచరు ముఖం చూస్తారు. ఈ పాఠంలో అసలు కష్టం అక్కడే ఉంది. ఒక సంఖ్యకు ఏదో ఒక కారణాంకాన్ని కనుక్కోవడం ఎక్కాలు కాస్త వచ్చిన పిల్లలకు తేలికే. అన్నీ దొరికాయి, ఇక వెతకనక్కర్లేదు అని కారణంతో సహా చెప్పగలగడానికి మాత్రం వేరే సాధన కావాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ప్రాథమిక పాఠశాలల్లో నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయులకు, సాయంత్రం పూట ఇంటి దగ్గర పిల్లలను చదివించే తల్లిదండ్రులకు ఉపయోగపడేలా, ఆ సాధనను ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడపవచ్చో ఇక్కడ వివరిస్తాను.

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు రెండు విషయాలు తెలిసి ఉంటే చాలు. గుణకారమంటే సమానమైన వరుసలను కలిపి లెక్కించడమని, భాగహారంలో పంచగా మిగిలినదాన్ని శేషం అంటారని తెలియాలి. పదో ఎక్కం దాకా నోటికి వస్తే మంచిదే. అయితే ఏడు, ఎనిమిది ఎక్కాల దగ్గర తడబడే పిల్లలను ముందు ఎక్కాలు అప్పజెప్పి రమ్మని పక్కన కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. గింజలు పేర్చి, చుక్కలు పెట్టి, జతలు రాసే ఈ పనిలో ఆ ఎక్కాలే మళ్లీ మళ్లీ చేతికి తగులుతాయి గనుక, అలాంటి పిల్లలకు ఈ పాఠం మరింత అవసరం. ఇక్కడ 1, 2, 3 అంటూ సాగే సంఖ్యలే వాడాలి; సున్నానూ భిన్నాలనూ తీసుకురాకూడదు. రెండున్నర చొప్పున నాలుగు వరుసలు పెడితే పది సరిపోతుంది కదా అని ఎవరైనా అడిగితే, ఆ ఆలోచనను మెచ్చుకొని, గింజను విరగ్గొట్టకుండా పేర్చడమే మన నియమమని చెప్పండి.

మొదటి రోజు పాఠ్యపుస్తకం తెరవనక్కర్లేదు. మన పల్లెల్లో వేసవిలో చింతకాయలు కొట్టి గింజ తీసే పని ఉంటుంది కాబట్టి చింతగింజలు సంపాదించడం కష్టం కాదు. పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, జట్టుకు 12 గింజల చొప్పున ఇచ్చి, మూడు షరతులు చెప్పండి: గింజలన్నీ వాడాలి, ప్రతి వరుసలోనూ సమానంగా ఉండాలి, ఒక్క గింజ కూడా మిగలకూడదు. ఎన్ని వరుసలు పెట్టాలో మీరు చెప్పకండి. కాసేపటికి ఒక జట్టు మూడు వరుసల్లో నాలుగేసి పెడుతుంది, ఇంకో జట్టు రెండు వరుసల్లో ఆరేసి పెడుతుంది. ఐదేసి పెట్టి చూసిన జట్టుకు రెండు వరుసలయ్యాక రెండు గింజలు మిగిలిపోతాయి. ఆ జట్టు చేసింది తప్పు అనకండి, గింజలు చెరిపేయనివ్వకండి. 5 కుదరదన్న సంగతి ఆ జట్టు వల్లే తరగతికి తెలిసింది. నల్లబల్ల మీద ఒక పక్క కుదిరిన సంఖ్యలను, మరో పక్క కుదరని సంఖ్యలను రాస్తూ పోండి. రెండూ సమానంగా అవసరమే.

ఈ పనిలో తప్పకుండా ఒక వాదన పుడుతుంది. మూడు వరుసల్లో నాలుగేసి పెట్టినదీ, నాలుగు వరుసల్లో మూడేసి పెట్టినదీ వేరువేరని కొందరు అంటారు, "తిప్పితే అదే గదా సార్" అని మరికొందరు అంటారు. దీన్ని మీరు తొందరపడి తేల్చేయకండి. ఒక జట్టు పేర్చిన గింజల చుట్టూ నలుగురు పిల్లలను నాలుగు వైపులా నిలబెట్టి, తమ వైపు నుంచి ఎన్ని వరుసలు కనిపిస్తున్నాయో చెప్పమనండి. ఇద్దరు మూడంటారు, ఇద్దరు నాలుగంటారు. గింజలు కదల్లేదు, అయినా 3, 4 అనే రెండు సంఖ్యలూ ఒకే అమరికలోంచి వచ్చాయి. కారణాంకాలు జతలుగా దొరుకుతాయన్న సంగతి పిల్లలకు ఇక్కడే అర్థం కావాలి, ఎందుకంటే రేపు ఎక్కడ ఆగాలో చెప్పేది ఈ జతలే.

పన్నెండు గింజలనూ ఒకే వరుసలో పెట్టడం చాలామందికి తోచదు. ఒక్క వరుస కూడా వరుసేనా కాదా అని అడిగి వాళ్ల చేతే ఒప్పించండి. అప్పుడు 1, 12 అనే జత పట్టికలో చేరుతుంది. ఒకటినీ, ఆ సంఖ్యనూ మరిచిపోవద్దని నోటితో ఎన్నిసార్లు చెప్పినా నిలవనిది, ఆ పొడవాటి వరుసను స్వయంగా పేర్చినప్పుడు నిలుస్తుంది.

తర్వాత ఏడు గింజలు ఇవ్వండి. తిరుపతి పిల్లలైతే గింజలకు బదులు శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అని ఏడు కొండల పేర్లు రాసిన చీటీలను కూడా పేర్చవచ్చు. ఎలా చూసినా ఒకే ఒక్క వరుస తప్ప మరో దారి లేదని తేలుతుంది. ఆ వెంటనే 16 ఇస్తే, నాలుగు వరుసల్లో నాలుగేసి వచ్చిన అమరిక ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉందని పిల్లలు గమనిస్తారు. ఈ రెండింటికీ పేర్లు ఇప్పుడే చెప్పకండి.

రెండో రోజు గింజల నుంచి కాగితానికి రావాలి. గళ్ల నోటుపుస్తకంలో ముగ్గు చుక్కల్లా వరుసల్లో చుక్కలు పెట్టమంటే పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసే ఇళ్ల పిల్లలకు ఆ పని కొత్తగా ఉండదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మధ్యలో ఏడు చుక్కలతో మొదలై అటూ ఇటూ తగ్గుతూ ఒకటికి వచ్చే ముగ్గు ఇక్కడ పనికిరాదు. అన్ని వరుసల్లోనూ సమానంగా చుక్కలుండే ముగ్గే కావాలి. ఏ ముగ్గు మన పనికి వస్తుంది, ఏది రాదు అని పిల్లలతోనే వేరు చేయించడం మంచి అభ్యాసం. వామనగుంటల పీటలో 14 గుంటలు రెండు వరుసల్లో ఏడేసి ఉంటాయి. మధ్యాహ్న భోజనానికి వచ్చే కోడిగుడ్ల అట్టలో 30 గుడ్లు ఐదు వరుసల్లో ఆరేసి ఉంటాయి. ముప్పైని ఇంకెన్ని రకాలుగా అమర్చవచ్చో అడిగితే 1, 30, 2, 15, 3, 10 అనే జతలు వస్తాయి. మరి అట్ట చేసేవాళ్లు ఐదు, ఆరు అనే జతనే ఎందుకు ఎంచుకున్నారని అడగండి. పదిహేను గుడ్ల పొడవున్న అట్టను చేతుల్లో పట్టుకొని నడవడం ఎలా ఉంటుందో పిల్లలు వివరంగా చెబుతారు.

ఇంత జరిగాక నిర్వచనం చెప్పవచ్చు. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే ప్రతి సంఖ్యా ఆ సంఖ్యకు కారణాంకం. పిల్లల భాషలో చెప్పాలంటే, ఏమీ మిగలకుండా ఎన్నేసి చొప్పున పేర్చగలమో ఆ సంఖ్యలన్నీ కారణాంకాలే.

ఇక అసలు పనికి వద్దాం. ముప్పై ఆరుకు కారణాంకాలన్నీ రాయాలి. తోచిన సంఖ్య తోచినట్టు రాయనివ్వకుండా, ఒకటి నుంచి మొదలుపెట్టి వరుసగా ప్రతి సంఖ్యనూ పరీక్షించమనండి. కాగితం ఎడమ పక్కన పరీక్షించే సంఖ్యను, కుడి పక్కన దాని జతను రాయాలి. 1కి జత 36. 2కి జత 18. 3కి జత 12. 4కి జత 9. 5తో భాగిస్తే ఒకటి మిగులుతుంది, కాబట్టి 5ను కొట్టేయాలి. 6కి జత 6. ఇక్కడ ఆపి, ఏడును కూడా చూడాలా అని అడగండి. చూడాలనే చాలామంది అంటారు. చూడనివ్వండి, శేషం వస్తుంది. ఎనిమిదీ కుదరదు. తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి, అది నాలుగుకు జతగా కుడి పక్కన ముందే ఉందని ఎవరో ఒకరు గుర్తిస్తారు. పన్నెండూ, పద్దెనిమిదీ అంతే. ఆరు దాటాక కొత్తదేదీ ఎందుకు రావడం లేదన్న ప్రశ్న అప్పుడు తరగతిలోంచే పుడుతుంది.

దీనికి జవాబును పిల్లలతో మెల్లగా చెప్పించాలి, ఒక పూర్తి పీరియడ్ పట్టినా పరవాలేదు. ముప్పై ఆరు గింజలను ఏడేసి చొప్పున ఏమీ మిగలకుండా పేర్చగలిగామని అనుకుందాం. వరుసలు ఎన్ని అవుతాయి? ఆరు వరుసలు పెడితేనే 42 గింజలు కావాలి, మన దగ్గర అన్ని లేవు, కాబట్టి వరుసలు ఐదో అంతకంటే తక్కువో ఉండాలి. అంటే ఏడుకు జత ఒకటి నుంచి ఐదు లోపలే ఉండాలి. ఆ ఐదింటినీ మనం ముందే పరీక్షించి, వాటి జతలన్నీ రాసేశాం. అందులో ఏడు లేదు. కాబట్టి ఏడును మళ్లీ చూడనక్కర్లేదు. ఏడుకు చెప్పిన మాటే ఆరు కంటే పెద్దదైన ప్రతి సంఖ్యకూ వర్తిస్తుంది, ఎందుకంటే జతలో ఒకటి ఆరును దాటితే రెండోది ఆరు కంటే చిన్నదవక తప్పదు. ఈ మాటను పిల్లలు సొంత మాటల్లో, సొంత గింజలతో, మరో సంఖ్య మీద తిరిగి చెప్పగలిగితే పాఠంలో కష్టమైన భాగం దాటినట్టే.

మరుసటి రోజు 48 ఇవ్వండి, ఎందుకంటే ఇక్కడ మధ్యలో తనకు తానే జతయ్యే సంఖ్య లేదు. 1కి 48, 2కి 24, 3కి 16, 4కి 12, 5 కుదరదు, 6కి 8, 7 కుదరదు. తర్వాత ఎనిమిది, కానీ అది కుడి పక్కన ముందే ఉంది. ఎడమ పక్క పైకి ఎక్కే సంఖ్యలు, కుడి పక్క కిందికి దిగే సంఖ్యలు ఎదురెదురుపడిన చోట ఆగాలి. ఆ తర్వాత ఎడమ వరుసను పై నుంచి కిందికి, కుడి వరుసను కింద నుంచి పైకి చదివితే 1, 2, 3, 4, 6, 8, 12, 16, 24, 48 అని కారణాంకాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి క్రమంలో వస్తాయి. కొట్టేసిన 5, 7లను రబ్బరుతో చెరపనివ్వకండి. అవి కాగితం మీద కనిపిస్తుంటేనే ఆ పిల్ల వాటిని వదిలేయలేదనీ, పరీక్షించి కాదనుకుందనీ మనకు తెలుస్తుంది.

పిల్లలు తొందరగా ఆగిపోయే చోటు కూడా ఒకటుంది. ఒక సంఖ్య కుదరకపోగానే ఇక ఏమీ లేవని అనుకుంటారు. దీనికి 84 మంచి మందు. 1కి 84, 2కి 42, 3కి 28, 4కి 21. ఐదు దగ్గర ఆగిపోయిన పిల్లలకు ఎనిమిది కారణాంకాలే దొరుకుతాయి. ఐదును కొట్టేసి ముందుకు సాగినవాళ్లకు 6కి 14, 7కి 12 దొరికి మొత్తం పన్నెండవుతాయి. 8, 9 కుదరవు. పదిని పదితో గుణిస్తే నూరు, అది 84ను దాటింది, కాబట్టి ఆగవచ్చు. ఇలాగే 51, 57, 91 కూడా ఇవ్వండి. చూడగానే వీటికి ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేవీ లేవనిపిస్తుంది గానీ 51 అంటే మూడు పదిహేడ్లు, 57 అంటే మూడు పంతొమ్మిదులు, 91 అంటే ఏడు పదమూడ్లు. మనకు అలవాటైన ఎక్కాల్లో ఇవి కనబడవు, అందుకే చూపుతో కాకుండా పరీక్షతో తేల్చాలన్న పట్టుదల వీటివల్ల వస్తుంది.

జతలు రాయడం చేయి తిరిగాక, తరగతి అంతా కలిసి 1 నుంచి 30 దాకా ఒక పెద్ద చార్టు తయారు చేయాలి. జట్టుకు కొన్ని సంఖ్యలు పంచి, ప్రతి సంఖ్య పక్కన కారణాంకాలు, ఆ పక్కన అవి ఎన్నో రాయించండి. ఒక జట్టు రాసింది మరో జట్టు సరిచూడాలి. చార్టు గోడకెక్కాక మీరు చెప్పవలసింది చాలా తక్కువ. సరిగ్గా రెండే కారణాంకాలున్న సంఖ్యలకు రంగు వేయమంటే 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29 అని పది వస్తాయి. వీటినే ప్రధాన సంఖ్యలంటారని అప్పుడు చెప్పండి. రెండు కంటే ఎక్కువ కారణాంకాలున్నవి సంయుక్త సంఖ్యలు. ఒకటికి ఉన్నది ఒక్క కారణాంకమే కాబట్టి అది రెండు జాబితాల్లోనూ చేరదు. కారణాంకాల లెక్క బేసిగా వచ్చినవి ఏవో చూడమంటే 1, 4, 9, 16, 25 బయటపడతాయి. మిగతా సంఖ్యల్లో కారణాంకాలు జతలుగా ఉన్నాయి కాబట్టి లెక్క సరిసంఖ్య అవుతుంది; వీటిలో మాత్రం మధ్య సంఖ్య తనకు తానే జత కాబట్టి దాన్ని ఒకసారే లెక్కపెట్టాలి. మొదటి రోజు పదహారు గింజల అమరికలో చూసింది ఇదే.

తన కంటే చిన్న సంఖ్యలన్నింటి కంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలు ఏవని కూడా అడగండి. చార్టులో 2, 4, 6, 12, 24 అని దొరుకుతాయి, చార్టును పొడిగిస్తే 36, 48, 60 వస్తాయి. మన పొరుగున తమిళనాడులోని ఈరోడ్‌లో 1887లో పుట్టి, కుంభకోణంలో పెరిగిన శ్రీనివాస రామానుజన్ ఇలాంటి సంఖ్యల మీదే 1915లో పెద్ద పరిశోధనా వ్యాసం ప్రచురించారు. చింతగింజలతో తాము వెతుకుతున్న ప్రశ్ననే అంతటి గణిత శాస్త్రజ్ఞుడు పట్టుకున్నాడని తెలిస్తే పిల్లల ఉత్సాహం ఎలా ఉంటుందో చూసి తీరాలి. వందలోపు అత్యధికంగా ఎన్ని కారణాంకాలుంటాయన్న ప్రశ్నను చురుకైన పిల్లలకు ఇంటిపనిగా ఇవ్వవచ్చు. జవాబు పన్నెండు, అవి 60, 72, 84, 90, 96 అనే అయిదు సంఖ్యలకు ఉంటాయి.

కారణాంకాలకూ గుణిజాలకూ మధ్య తికమక అన్ని తరగతుల్లోనూ ఉంటుంది. రెండూ ఒకే వారంలో, ఒకే పాఠంలో చెప్పడం దీనికి ఒక కారణమని నా అభిప్రాయం. కారణాంకాలు స్థిరపడ్డాక కొన్ని రోజులు ఆగి గుణిజాలకు వెళ్లండి. అప్పుడు కూడా విడి మాట అడగకుండా పూర్తి వాక్యం చెప్పించండి: 4 అనేది 12కు కారణాంకం, 12 అనేది 4కు గుణిజం. 12కు కారణాంకాలు ఆరే, వాటిలో ఏదీ 12ను దాటదు. 12కు గుణిజాలు 12తోనే మొదలై అంతులేకుండా పోతాయి.

ఈ రెండింటినీ కలిపి సాధన చేయించే ఆట ఒకటుంది. వరండాలో సుద్దతో 1 నుంచి 30 దాకా రాసి ఇద్దరు పిల్లలను ఆడమనండి. మొదటివారు ఏదైనా ఒక సరిసంఖ్యను కొట్టేయాలి. తర్వాతివారు దానికి కారణాంకాన్నో గుణిజాన్నో కొట్టేయాలి, ఆ తర్వాత ఈ కొత్త సంఖ్యకు సంబంధించినదే కొట్టాలి. ఒకసారి కొట్టిన సంఖ్య మళ్లీ వాడకూడదు, కొట్టడానికి ఏమీ దొరకనివారు ఓడినట్టు. కొన్ని ఆటలయ్యాక, ఒకటిని కొట్టినవారు ఓడిపోతున్నారని పిల్లలే కనిపెడతారు. వెంటనే ఎదుటివారు 29ని కొడితే, దాని కారణాంకాల్లో ఒకటి అయిపోయింది, 29 కూడా అయిపోయింది, దాని గుణిజాలు ముప్పైని దాటిపోయాయి. ప్రధాన సంఖ్యల స్వభావం ఈ ఆటలో తెలిసినంత బాగా వర్క్‌షీట్లలో తెలియదు.

ఐదో తరగతిలో భాజనీయతా సూత్రాలు, అంటే ఒక సంఖ్య శేషం లేకుండా భాగించబడుతుందో లేదో భాగించకుండానే చెప్పే నియమాలు, పరిచయం చేసేటప్పుడు కొండ మెట్లను వాడుకోండి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయని చెబుతారు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారికి 2,388 అని లెక్క. పది మెట్లకొకసారి కర్పూరం వెలిగిస్తూ ఎక్కితే చివరి మెట్టు మీద కూడా వెలిగించగలమా? అలిపిరి దారిలో కుదురుతుంది, రెండో దారిలో కుదరదు. చివరి అంకె చూస్తే చాలు. మూడు మెట్లకొకసారి అయితే అంకెలు కూడాలి. 2,388 అంకెల మొత్తం 21 కాబట్టి కుదురుతుంది, 3,550 అంకెల మొత్తం 13 కాబట్టి కుదరదు. అంకెలు ఎందుకు కూడాలో కూడా చెప్పండి. వెయ్యిని మూడేసి చొప్పున పంచితే 999 పోయి ఒకటి మిగులుతుంది, నూటికి 99 పోయి ఒకటి, పదికి తొమ్మిది పోయి ఒకటి. కాబట్టి 2,388లో రెండు వేలకు రెండు, మూడు నూర్లకు మూడు, ఎనిమిది పదులకు ఎనిమిది మిగులుతాయి. వాటికి ఒకట్ల స్థానంలోని ఎనిమిదిని కలిపితే 21, అది మూడేసి చొప్పున పూర్తిగా పోతుంది.

ఉమ్మడి కారణాంకాల దాకా ఈ తరగతిలోనే వెళ్లవచ్చు. పేరంటానికి 24 అరటిపళ్లు, 36 తమలపాకులు తెచ్చారు. అన్ని తాంబూలాలూ ఒకేలా ఉండాలి, ఏదీ మిగలకూడదు, ఎన్ని తాంబూలాలు కట్టవచ్చు? రెండు జాబితాలూ రాసి రెంటిలోనూ ఉన్నవాటికి సున్నా చుడితే 1, 2, 3, 4, 6, 12 వస్తాయి. పన్నెండు మంది ముత్తైదువలకు రెండేసి పళ్లు, మూడేసి ఆకులు ఇవ్వవచ్చు. గరిష్ట సామాన్య కారణాంకం అనే పేరునూ, దాన్ని భాగహార పద్ధతిలో రాబట్టడాన్నీ ఆరో తరగతికి వదిలేయండి. జాబితాలు నమ్మకంగా రాయలేని పిల్లలకు ఆ పద్ధతి నేర్పితే, తాము దేన్ని కనుక్కుంటున్నారో తెలియకుండానే జవాబు రాస్తారు.

పరీక్ష పెట్టేటప్పుడు కారణాంకాలు రాయండి అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఒక విద్యార్థి 60కి 1, 2, 3, 4, 6, 10, 15, 20, 30, 60 అని రాసినట్టు చూపి, ఇది పూర్తయిందా, లేకపోతే ఏవి తప్పిపోయాయి అని అడగండి. 6కి జత 10, 4కి జత 15 అంటూ జతలు కలిపి చూస్తే ఈ జాబితాలో దేనికీ జత లోపించినట్టు కనబడదు, ఎందుకంటే 5, 12 అనే జత మొత్తంగానే తప్పిపోయింది. దాన్ని పట్టుకోవాలంటే ఒకటి నుంచి ఏడు దాకా వరుసగా పరీక్షించాలి. ఏడు దగ్గరే ఎందుకు ఆగవచ్చో రెండు వాక్యాల్లో రాయమనండి. ఎనిమిదిని ఎనిమిదితో గుణిస్తే 64, అది అరవైని దాటింది అని రాసిన పిల్లలకు పూర్తి మార్కులు వేయండి. 5, 12 దొరికినా కారణం రాయలేని పిల్లలకు మళ్లీ గింజలు ఇచ్చి, ఈసారి 40తో మొదలుపెట్టించండి.